నా దగ్గు కారు ఏసీలోంచి వచ్చింది

నాకు ఉబ్బసం ఉందని నలభై దాటాక తెలిసింది. చిన్నప్పుడు ఆయాసం ఎరగను. మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఎవరికీ లేదు. వానాకాలం మొదట్లో పట్టిన దగ్గు వినాయక చవితి దాటినా వదల్లేదు. మా అత్తగారు మిరియాల కషాయం కాచి ఇచ్చేవారు. మా వీధి చివర డాక్టరు గారు యాంటీబయాటిక్, దగ్గు మందు రాశారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టేది.

నేను విశాఖపట్నం శివార్లలో ఆనందపురం దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు సీతమ్మధారలో. రోజూ హైవే మీద కారులో వెళ్ళి వస్తాను. బోర్డు మీద లెక్క వేసి పిల్లల వైపు తిరిగేసరికి దగ్గు తెర వచ్చేది. మొదటి పీరియడ్ మరీ కష్టం. మధ్యాహ్నానికి కాస్త నయం. సాయంత్రం ఇల్లు చేరేసరికి మళ్ళీ మొదలు. రాత్రి రెండు మూడింటికి ఛాతీ బిగిసిపోయి లేచి కూర్చునేదాన్ని. ఒక రాత్రి మా అమ్మాయి పక్క గదిలోంచి లేచొచ్చి, "అమ్మా, బయట పిల్లి ఏదో అరుస్తోంది" అంది. నేను ఊపిరి వదులుతుంటే వస్తున్న చప్పుడు అది. ఆ సంగతి తెలిశాక అది తెల్లారేదాకా నా పక్కనే కూర్చుంది.

రెండు వారాలు దాటిన దగ్గుకి క్షయ పరీక్ష చేయించుకోవాలి. ఎవరైనా సరే, సిగ్గుపడకుండా చేయించుకోవాలి. తెమడ పరీక్షకి ఇచ్చాను, ఛాతీ ఎక్స్‌రే తీయించాను. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ టెన్షన్ పైకి కనబడనివ్వలేదు. నేను మాత్రం నా గ్లాసు, నా పళ్ళెం వేరుగా పెట్టుకున్నాను. గ్లాసుల వల్ల, పళ్ళేల వల్ల క్షయ అంటదని తర్వాత డాక్టరు గారు చెప్పారు. రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదు. రక్త పరీక్షలో ఈసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఎక్కువగా ఉన్నాయని, అలర్జీ అయ్యుంటుందని మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిసిన మాత్ర రాశారు. వేసుకున్నన్నాళ్ళు సగం నయంగా ఉండేది, కానీ పొద్దున క్లాసులో మగత. రాత్రుళ్ళు పీడకలలు. మాంటెలుకాస్ట్ కొందరిలో నిద్ర మీద, మనసు మీద ప్రభావం చూపిస్తుంది. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2020లో దాని మీద గట్టి హెచ్చరిక కూడా వేయించింది. నా కలల సంగతి చెప్పగానే డాక్టరు గారు ఆ మాత్ర ఆపించారు. మనకి చాలా ఇళ్ళలో ఈ మాత్ర చీటీ లేకుండానే కొని వేసుకుంటున్నారు. వేసుకునేవాళ్ళకి నిద్ర చెడినా, మనసు బాగాలేకపోయినా డాక్టరుకి చెప్పి తీరాలి.

దసరా సెలవులకి రైల్లో పలాస వెళ్ళాం. అక్కడికి దగ్గర్లోనే మా అత్తగారి ఊరు. అక్కడ దుమ్ము తక్కువేం కాదు. పొయ్యి పొగ కూడా ఉంది. అయినా దగ్గు రోజురోజుకీ తగ్గి, వచ్చే ముందు రోజుల్లో రాత్రంతా నిద్రపోయాను. సెలవులయ్యాక మొదటి రోజు కాలేజీకి బయల్దేరితే యెండాడ దాటకముందే దగ్గు మొదలైంది.

హనుమంతవాక దగ్గర మా తెలుగు మేడం నా కారు ఎక్కుతారు. ఆ రోజు ఆవిడే అన్నారు. "ఏమనుకోకండి, ఎప్పట్నుంచో చెబుదామనుకుంటున్నా. మీ కారు ఎక్కగానే ముక్కవాసన వస్తుందండీ. కాసేపటికి తెలియదు." నిజమే. ఏసీ వేసిన మొదటి క్షణాల్లో తడి తువ్వాలు మూలన పడేసినట్టు ఒక వాసన, ఆ తర్వాత ఏమీ ఉండదు. వాసన పోయిందని కాదు, ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. ఆ మొదటి వాసన కోసమే ఏసీ గాలి వచ్చే రంధ్రానికి సెంటు జెల్ ఒకటి తగిలించి ఉండేది మా కారులో.

అప్పటికి మాకు తెలిసినవాళ్ళు ఊపిరితిత్తుల డాక్టరు ఒకాయన దగ్గరికి వెళ్ళమన్నారు. పెద్దాయన. నా ఫైలు తెరవలేదు. "మందుల సంగతి తర్వాత చూద్దాం. దగ్గు ఎక్కడ ఎక్కువవుతుందమ్మా, ఎక్కడ తగ్గుతుంది?" అన్నారు. నాకు అంతవరకూ ఎప్పుడు ఎక్కువని అడిగారు గానీ ఎక్కడ అని ఎవరూ అడగలేదు. కారు, కాలేజీ, ఊరు, రైలు, అన్నీ చెప్పాను. కారులో ఏసీ వేయగానే వాసన వస్తుందా అని అడిగారు. కాళ్ళ కింద కార్పెట్ తడిగా ఉంటుందా అని కూడా అడిగారు. ఆ రెండో ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు.

స్పైరోమెట్రీ చేశారు. గొట్టంలోకి బలంగా ఊదితే మొదటి సెకనులో ఎంత గాలి బయటికొస్తుందో కొలుస్తారు. తర్వాత ఊపిరి గొట్టాల్ని తెరిచే సాల్బుటమాల్ మందు పీల్పించి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ ఊదిస్తారు. ఆ కొలత కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే బిగిసిన ఊపిరి గొట్టాలు మందుకి తెరుచుకున్నాయని లెక్క. నాకు అంతకంటే బాగా పెరిగింది. అలర్జీ మాత్రలు ఆపి వారమైనా గడిస్తే గానీ చర్మ పరీక్ష చేయరు. నావి అప్పటికే ఆగిపోయాయి కాబట్టి అదీ చేశారు. ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, సూది మొనతో గుచ్చి, పావుగంట పైన చూస్తారు. ఇంటి దుమ్ములో ఉండే మైట్స్ అనే కంటికి కనబడని పురుగులకి ఒక దద్దురు లేచింది. ఆల్టర్నేరియా, క్లాడోస్పోరియం అనే బూజులకి ఇంకా పెద్దవి లేచాయి.

ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. "ఈ దద్దుర్లు చూసి కారే కారణమని చెప్పలేను. మీ ఒంటికి ఏది పడదో మాత్రమే ఇవి చెబుతాయి. కొన్నాళ్ళు కారు ఎక్కకండి, రోజూ ఊది రాసుకోండి, అప్పుడు తెలుస్తుంది" అన్నారు. పీక్ ఫ్లో మీటర్ కొనిపించారు. ప్లాస్టిక్ గొట్టం, ఎంత వేగంగా ఊదామో చూపిస్తూ ముల్లు కదులుతుంది, అంతే. పొద్దున, సాయంత్రం ఊది నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వాపు తగ్గించే బుడెసొనైడ్, గొట్టాలు తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ రాశారు. ఇన్‌హేలర్ అంటే ఇక జన్మంతా అలవాటైపోతుందని మా అత్తగారు బెంగపడ్డారు. మందు తిన్నగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది కాబట్టి మోతాదు మైక్రోగ్రాముల్లోనే సరిపోతుందని డాక్టరు గారు ఆవిడకి ఓపిగ్గా చెప్పారు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో ఫంగస్ రావచ్చు.

అప్పట్నుంచి గురుద్వారా దగ్గర 222 నంబరు బస్సు ఎక్కి కాలేజీకి వెళ్ళేదాన్ని. పొద్దున 260 దగ్గర ఉండే కొలత మెల్లగా 300 దాటింది. ఇన్‌హేలర్ కూడా అప్పుడే మొదలైంది కాబట్టి అంతా బస్సు వల్లేనని అనలేను. కానీ మధ్యలో విజయనగరం పెళ్ళికి మా ఆయన కారు తీశారు. ఏసీ వేసుకుని వెళ్ళాం. ఆ రాత్రి కొలత మళ్ళీ పడిపోయింది, దగ్గు మొదలైంది. నోట్‌బుక్ చూసి మా ఆయనే, "ఇక కారు సంగతి తేల్చేద్దాం" అన్నారు.

మర్రిపాలెం వైపు ఒక కారు ఏసీ మెకానిక్ ఉన్నాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, పని మీద ఎంత ప్రేమో. ఏసీ వేసి తలుపు తీసి, మొదటి గాలి వాసన చూశాడు. "మేడం, ఇది సెంటు కొడితే పోయేది కాదండి. లోపల చెమ్మ ఉండిపోయింది."

ఆ చెమ్మ ఎక్కడిదో చెప్పాలి. డ్యాష్‌బోర్డ్ వెనక కూలింగ్ కాయిల్ ఉంటుంది, సన్నటి అల్యూమినియం రేకులు దగ్గర దగ్గరగా పేర్చి. గాలి దాని మీదుగా వెళ్ళి చల్లబడుతుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి ఏదైనా 26 డిగ్రీల కంటే చల్లని వస్తువుకి తగిలితే అక్కడ నీరు పడుతుంది. విశాఖలో వానాకాలమంతా దాదాపు అలాంటి గాలే. కాయిల్ అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది, కాబట్టి దాని మీద నీరు కారుతూనే ఉంటుంది. ఆ నీరంతా ఒక పైపులోంచి కారు కిందికి పోవాలి. ఏసీ కారు ఆపిన చోట నేల మీద తడి కనిపించేది అందుకే, అది మంచిదే. ఇంజిన్ ఆపేశాక కాయిల్ తడిగానే ఉండిపోతుంది. దాని మీద దుమ్ము, ఆకుల పొడి, చీకటి, వెచ్చదనం. బూజుకి ఇంకేం కావాలి? మర్నాడు బ్లోయర్ తిరగగానే ఆ రేకుల మీద ఉన్నదంతా మొదటి గాలితో మన ముఖం మీదికి వస్తుంది.

అబ్బాయి గ్లవ్ బాక్స్ విప్పి, లోపలికొచ్చే గాలిని వడకట్టే ఫిల్టర్ బయటికి లాగాడు. తెల్లగా ఉండాల్సింది నల్లగా ఉంది, మడతల్లో బాదం ఆకు ముక్కలు. మా కారు బాదం చెట్టు కింద ఆగుతుంది. అద్దం కింద బయటి గాలి లోపలికి వెళ్ళే జాలీలోనూ ఆకులే. ఫిల్టర్ మారిస్తే సరిపోతుందా అని మా ఆయన అడిగారు. "గాలి ముందు ఫిల్టర్‌లోంచి వెళ్ళి, తర్వాతే కాయిల్ మీదికి వస్తుందండి. కాయిల్ మీద పుట్టింది ఫిల్టర్ ఎలా ఆపుతుంది?" అన్నాడు. ఎంత సరైన మాట! చాలామంది కొత్త ఫిల్టర్ వేయించి, వాసన పోలేదని మళ్ళీ సెంటు కొంటున్నారు. సన్నటి వైరు కెమెరా లోపలికి పంపి సెల్‌ఫోన్‌లో చూపించాడు. రేకుల మధ్య బూడిదరంగు పొర.

తర్వాత ఎడమవైపు ముందు సీటు కింద కార్పెట్ ఎత్తాడు. పైన పొడిగానే ఉంది. కింద స్పాంజిని నొక్కితే నీళ్ళు వచ్చాయి. కిందికి పోవాల్సిన పైపు మట్టితో మూసుకుపోయి, నీరు లోపలికి పొంగింది. డాక్టరు గారి రెండో ప్రశ్న అప్పుడు అర్థమైంది.

పైపు ఊది శుభ్రం చేశాడు. కాయిల్ మీదికి నురగ క్లీనర్ ఎక్కించి, నానాక, అది కరిగి పైపులోంచి మురికి నీరుగా దిగేదాకా ఆగాడు. తర్వాత హీటర్ పెట్టి, బ్లోయర్ పెంచి, తలుపులు తెరిచి ఆరబెట్టాడు. నన్ను దగ్గరికి రావద్దన్నారు మా ఆయన. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ నురగ వాసనకి దూరంగా ఉండాలి. ఇంకోచోట ఓజోన్ మెషిన్ పెడతామన్నారు గానీ ఒప్పుకోలేదు. ఓజోన్ ఊపిరితిత్తులకి పడదు, పైగా తడి స్పాంజి తడిగానే ఉంటుంది. కార్పెట్, స్పాంజి విప్పి మేడ మీద ఎండలో వేశాం. ఆరడానికి చాలా రోజులు పట్టింది. సెంటు జెల్ తీసి పారేశాం.

ఇప్పుడు తిరుగు ప్రయాణంలో వెంకోజీపాలెం రాగానే ఏసీ బటన్ ఆపేస్తాను, బ్లోయర్ మాత్రం తిరుగుతుంది, బయటి గాలి లోపలికి తీసుకుంటాను. ఇల్లు చేరేలోపు ఆ గాలికి కాయిల్ కాస్తయినా ఆరుతుంది. చెమట పడుతుంది, పట్టనీ. పొద్దున బయల్దేరేటప్పుడు అద్దాలు దించి, మొదటి గాలి బయటికి పోయాకే ఎక్కించుకుంటాను. ఫిల్టర్ ఏటా వానలకి ముందు మారుస్తున్నాం. కారు చెట్టు కిందే ఆగుతుంది, వేరే చోటు లేదు, అందుకని జాలీలో ఆకులు వారం వారం ఏరతాం.

ఒంట్లో నెమ్మది వెంటనే రాలేదు. కారు బాగుపడ్డాక కూడా తెల్లవారుజామున దగ్గు కొన్నాళ్ళు ఉంది. గొట్టాల లోపలి వాపు తగ్గడానికి దాని టైమ్ అది తీసుకుంటుందన్నారు. దిండ్లు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకడం మొదలుపెట్టాం, మైట్స్ కోసం. సంక్రాంతికి పొద్దుటి కొలత 370కి వచ్చింది. ఆ నెలలో మొదటి పీరియడ్‌లో పాఠం ఆపకుండా చెప్పిన రోజు, స్టాఫ్ రూమ్‌కి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

ఇన్‌హేలర్ తక్కువ మోతాదులో సాగుతోంది. ఆపమని ఆయన చెప్పేదాకా ఆపను. మా తెలుగు మేడం ఈ మధ్య సెకండ్ హ్యాండ్ కారు చూస్తూ నన్ను కూడా రమ్మన్నారు. మొదట చూపించిన కారుకి కొత్త సీటు కవర్లు, మెరిసే పెయింట్, లోపల ఘాటైన సెంటు. ఎడమవైపు కార్పెట్ ఎత్తి వేళ్ళతో నొక్కి చూశాను. వద్దన్నాను.