ఆడిటర్ వచ్చే రోజు సబ్బు

బెంగళూరు పీణ్యాలో కుట్టు మిషన్ ముందు కూర్చున్న రోజుల్లో ఆడిట్ అంటే, అదే, ఫ్యాక్టరీలో పని పరిస్థితులు చూడటానికి వచ్చే తనిఖీ అంటే, మాకు సగం పండగ. ఆ రోజు బాత్రూంలో సబ్బు ఉంటుంది. మెట్ల మీద పేర్చిన అట్టపెట్టెలు మాయమవుతాయి. సూపర్‌వైజర్ తిట్లు మాని "అమ్మా" అంటాడు. ఓటీ (ఓవర్‌టైమ్) ఎన్ని గంటలని అడిగితే ఏం చెప్పాలో ముందురోజే నేర్పేవాళ్లు. లైన్లో చాలామందిమి హిందూపురం, మడకశిర వైపు వాళ్లమే. ఆ జీతంతోనే ఇల్లు గడవాలి, ఇక ఎవరు నోరు విప్పుతారు?

అందుకే కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ గురించి చదివినప్పుడు ఆశ్చర్యం వేయలేదు, ఒళ్లు మండింది. 2012 సెప్టెంబర్ 11న అక్కడ మంటల్లో 250 మందికి పైగా పోయారు. కిటికీలకు ఊచలు, బయటపడే దారి లేదు. ఆ ఫ్యాక్టరీకి కొన్ని వారాల ముందే, కార్మికుల భద్రత, హక్కులు బాగున్నాయని చెప్పే ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ ఇచ్చారు! (ఎవరు చూసి ఇచ్చారో మరి.) మరుసటి ఏడాది ఏప్రిల్ 24న ఢాకా పక్కన సావర్‌లో రానా ప్లాజా కూలింది. పగుళ్లు ముందురోజే కనిపించాయి. అదే బిల్డింగ్‌లో ఉన్న బ్యాంకు తన వాళ్లను పంపించేసింది, బట్టలు కుట్టేవాళ్లను మాత్రం పనికి రమ్మన్నారు. 1,100 మందికి పైగా చనిపోయారు.

ఆ తర్వాత ఫ్యాక్టరీల భద్రత కోసం బ్రాండ్లు, యూనియన్లు కుదుర్చుకున్న ఒప్పందం, బంగ్లాదేశ్ అకార్డ్ మీద నాకు కాస్త నమ్మకం ఉంది. సంతకం పెట్టిన బ్రాండ్లు చట్టపరంగా కట్టుబడాల్సి ఉండేది, యూనియన్లకూ అందులో చోటుండేది, తనిఖీ రిపోర్టులు అందరికీ కనిపించేవి. మా ఫ్యాక్టరీ ఆడిట్ రిపోర్టులో ఏం రాశారో మాకెవరూ ఎప్పుడూ చూపించలేదు.