యముడు రాకముందు సావిత్రి నడిచిన పగలు

జ్యేష్ఠ పూర్ణిమ వస్తే మర్రిచెట్టుకు దారం చుట్టేవాళ్ళు చుడతారు, కథ చదువుకునేవాళ్ళు చదువుకుంటారు. మన ఇళ్ళలో ఆ కథ యముడు పాశంతో వచ్చిన దగ్గర మొదలవుతుంది, సత్యవంతుడు లేచి కూర్చోగానే అక్షింతలు వేసేసుకుంటాం. ఈ తొందర మీద నాకు చాలాకాలంగా కోపం. మహాభారతం అరణ్యపర్వంలో యముడు రాకముందు ఒక పగలు ఉంది. ఆ పగలు వదిలేసి చదివితే సావిత్రి మనకు సగం కూడా దక్కదు.

సత్యవంతుడు ఏడాదిలో పోతాడని నారదముని చెప్పిన గడువు ఆ రోజుతో సరి. ఆ సంగతి ఆమెకు తెలుసు, సత్యవంతుడికి తెలియదు. గొడ్డలి భుజాన వేసుకుని అడవికి బయల్దేరాడు. నేనూ వస్తానంది. ఎప్పుడూ అడవికి రాలేదు, దారి కష్టం, వ్రతంతో నీరసించి ఉన్నావు, ఎలా నడుస్తావన్నాడు. అత్తమామల్ని అడిగింది. ఈ పిల్ల కోడలుగా వచ్చిన దగ్గర్నుంచి నన్ను ఏదీ కోరినట్టు గుర్తులేదు, వెళ్ళనీ అన్నాడు ద్యుమత్సేనుడు. దారి పొడుగునా సత్యవంతుడు ఆ ఏరు చూడు, ఆ పూసిన చెట్టు చూడు అని చూపిస్తూనే ఉన్నాడు. ఆమె అతన్ని చూస్తోంది. అక్కడ వ్యాసుడు అంటాడు:

ద్విధేవ హృదయం కృత్వా తం చ కాలమవేక్షతీ

గుండెను రెండు చేసుకుని నడిచిందట. ఒక సగం భర్త మాటకు మాట చెబుతోంది, రెండో సగం ఆ ఘడియ కోసం కాచుకుని ఉంది. అంతకు కాస్త ముందే మరో మాట కూడా ఉంది. పైకి నవ్వుతున్నట్టే ఉంది, లోపల కాలిపోతోంది అని.

క్యాన్సర్‌కు మందులు పనిచేయడం మానేసిన ఇంట్లో ఉన్న భార్యకైనా భర్తకైనా ఈ అర్ధశ్లోకం కంటే దగ్గరి చుట్టం లేదని నా నమ్మకం. మావారిది పెద్దపేగు క్యాన్సర్. మొదటి మందు కొన్నాళ్ళు పనిచేసింది, తర్వాత మార్చారు, మార్చిందీ ఆగిపోయింది. కాలేయంలో మచ్చలు పెరిగాయని స్కాన్‌లో వచ్చింది. ఇక కీమో ఇస్తే మేలుకన్నా బాధే ఎక్కువమ్మా అన్నారు డాక్టరుగారు. మావారు అడిగారు, నేను దాచలేదు. అయినా ఒక సాయంత్రం వరండాలో కూర్చుని, "ఈసారి ఆవకాయకి నూనె గానుగ దగ్గరే తెప్పించు, వచ్చే ఏడాదిదాకా ఉంటుంది" అన్నారు. "అలాగేనండీ, రేపే కబురు చేస్తాను" అన్నాను. అంటూనే ఆయన మెడ కింద ఎముకల మధ్య పడిన గుంట చూస్తున్నాను. చొక్కా పై బొత్తాం పెట్టినా కాలరు మెడకు ఆనడం లేదు. గానుగ నూనె గురించి ఇంకా కాసేపు మాట్లాడుకున్నాం.

ఆ రెండో సగం పాపమని కుమిలిపోయేవాళ్ళు చాలామంది. మనిషి కళ్ళెదుట ఉండగానే లేనట్టు ఆలోచిస్తున్నానే, నేనేం భార్యనని. వ్యాసుడు ఏం రాశాడో చూడండి. మృతమేవ హి తం మేనే. ముని మాట తలుచుకుని, పక్కన నడుస్తున్న భర్తను పోయినవాడిగానే అనుకుందట. లోకం పతివ్రతల్లో ముందు పేరు చెప్పుకునే తల్లి గురించి ఆయన ఈ మాట దాచలేదు, తప్పు పట్టలేదు. మనల్ని మనం ఎందుకు కొట్టుకోవాలి?

కీమో ఆపామని తెలిసి ఒక పెద్దావిడ నాతో, "సావిత్రి యముడి వెంటపడి తెచ్చుకుంది, నువ్వు అప్పుడే చేతులెత్తేశావా?" అంది. ఆవిడది ప్రేమే. కానీ ఆ మాటతో రాత్రంతా నిద్రలేదు. రోగం ముదిరితే భార్య పూజలో లోపం ఉందన్నట్టు మాట్లాడటం ఏ శాస్త్రంలో ఉంది? ఆకుపసరు వాళ్ళ ఫోన్ నంబర్లు పంపేవాళ్ళు కూడా కాస్త ఆలోచించండి.

ఆ పెద్దావిడ మరిచిన చోటు ఒకటుంది. యముడు మొదట ఇచ్చిన వరానికి షరతు పెట్టాడు. వినాస్య జీవితం. ఇతని ప్రాణం తప్ప ఏదైనా కోరుకో అన్నాడు. సావిత్రి ఆ షరతు విని అలగలేదు. ఇస్తానన్నది అడిగింది. మామగారికి చూపు అడిగింది, తర్వాత ఆయన రాజ్యం, ఆ తర్వాత తండ్రికి సంతానం. ప్రాణం తప్ప అన్న గీత లోపలే నిలబడి మూడు వరాలు పుచ్చుకుంది. చివరికి ఆమెకు దక్కింది అందరికీ దక్కదు, అది మనందరికీ తెలుసు. ఆ మొదటి అడగడాలు మాత్రం మనం కూడా అడగొచ్చు.

నా సంకల్పం అప్పటినుంచి మారింది. ఈ రాత్రి ఆయనకు నొప్పి లేకుండా నిద్రపట్టాలి, రెండు ముద్దలు అన్నం లోపలికి పోవాలి, తమ్ముడితో ఉన్న పాత మాట పట్టింపు తీరాలి అని అడుగుతున్నాను. దేవుణ్ణి అడిగినట్టే డాక్టర్లనూ అడగాలి. నొప్పిని, ఆయాసాన్ని, వాంతుల్ని తగ్గించడమే పనిగా చూసే పాలియేటివ్ కేర్ అనే వైద్యం ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, చివరి దశ రోగుల్ని చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉంది. నొప్పి తగ్గించే మార్ఫిన్ పేరు వింటేనే ఇంట్లో పెద్దలు మత్తుమందని బెదిరిపోతారు. నోటితో వేసుకునే మార్ఫిన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. రోగులకు అందడం తేలిక కావాలనే 2014లో మన మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేయండి. మలబద్ధకం చేస్తుంది, దానికి మందు ముందే రాయించుకోండి. గుళ్ళో దర్శనమయ్యాక కూర్చుని "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అని చదువుతాం కదా. శంభుణ్ణి అడిగినది మందుచీటీ రూపంలో వస్తే వద్దంటామా?

రోగి పక్కన ఉన్న అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములకూ ఇంకొక మాట. ఉపవాసాలు ఆపండి. సావిత్రి మూడు రాత్రులు ఉంది కదా అనకండి, రాత్రి మూడింటికి లేచి మనిషిని పక్కకు తిప్పే చేతులకు బలం కావాలి. ఆమె ఏడాదిపాటు ఆ గడువును ఎవరికీ చెప్పకుండా మోసింది. మీకు ఆ నియమం లేదు, ఎవరో ఒకరికి చెప్పుకోండి. మాట్లాడేవాళ్ళు లేకపోతే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయొచ్చు.

ఇలాంటి ఇంటికి వెళ్ళేవాళ్ళు "రిపోర్టు ఏమన్నారు" అని గుమ్మంలోనే అడగకండి. ఒక పూటకు చారు, కూర చేసి పట్టుకెళ్ళండి. రోగి దగ్గర మీరు కూర్చుని, ఆ ఇల్లాలిని తలుపు వేసుకుని ఓ రెండు గంటలు పడుకోమనండి.