22 అడుగుల గోడ

నిరుడు మే చివరి వారంలో, వానలు మొదలుకాకముందే మురుగు కాలువల్లో పూడిక తీయించే పనిని మా పురపాలక సంఘం చేపట్టింది. ఏళ్ల తరబడి పేరుకున్న పూడిక వల్ల ప్రతి వానాకాలం మా వీధిలో మురుగునీరు గుమ్మాల దాకా వచ్చేది కాబట్టి, ఆ పని జరగాలని వార్డు కార్యాలయంలో అర్జీ ఇచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. జేసీబీ వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. సాయంత్రం వచ్చేసరికి తూర్పు ప్రహరీ పునాది రాళ్లు బయటపడి ఉన్నాయి, వాటి మీద బకెట్ పళ్లు గీసుకుపోయిన చారలు తెల్లగా కనిపిస్తున్నాయి, తెగిన నల్లా పైపులోని నీళ్లన్నీ ఆ గోతిలోకే పారుతున్నాయి. మర్నాడు తెల్లవారకముందే 38 అడుగుల గోడలో 22 అడుగులు కాలువలోకి ఒరిగి కూలిపోయాయి. అది 1998లో నాన్న భవిష్య నిధి నుంచి అప్పు తీసి కట్టించిన గోడ.

ఉదయం పది గంటలకల్లా మట్టితో పాటు కూలిన రాళ్లను కూడా ఎత్తుకుపోవడానికి ట్రాక్టరు వచ్చింది. కాలువకు అడ్డం పడిన రాళ్లను తీయవలసిందే. అయితే ఆ రాళ్లు వెళ్లిపోతే గోడ ఎందుకు కూలిందో చెప్పే ఆధారం కూడా వాటితోనే వెళ్లిపోతుందని తోచి, గంటసేపు ఆగమని పనివాళ్లను అడిగాను. వాళ్లు మంచి మనసుతో ఆగారు. ఆ గంటలోనే పునాది లోతును, తవ్విన కాలువ లోతును టేపుతో కొలిచి, టేపు కనబడేలా ఫోటోలు తీసి, చూసిన సంగతిని తెల్లకాగితం మీద రాయించి ఇద్దరు ఇరుగుపొరుగు వారి చేత సంతకాలు చేయించాను. మధ్యాహ్నం వచ్చిన లైసెన్సు ఇంజినీరు, కాలువను మా పునాది అడుగుభాగం కంటే మరో అడుగున్నర లోతుకు తవ్వారని తన నివేదికలో రాసిచ్చారు. ఆ ఫోటోలు తీసిన ఫోనును నేటికీ మార్చలేదు; భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఫోటోలకు జతచేయవలసిన ధ్రువపత్రంలో అవి ఏ పరికరంలోవో చెప్పవలసి ఉంటుంది.

"మేడమ్, వచ్చే వారంలో మేమే కట్టించేస్తాం, మీరేమీ రాయనక్కర్లేదు" అని పురపాలక సంఘం సహాయ ఇంజినీరు అన్నమాటను నమ్మి రెండు వారాలు ఊరుకున్నాను. అది నా తప్పు. ఆ తర్వాతే కమిషనర్ పేరిట దరఖాస్తు రాసి, ఇన్వర్డ్ విభాగంలో నంబరు వేయించుకుని, నకలు మీద ముద్ర తీసుకున్నాను. నలభై రోజులకు వచ్చిన జవాబులో రెండు మాటలున్నాయి: పని చేసింది గుత్తేదారు మనుషులు కాబట్టి పురపాలక సంఘానికి సంబంధం లేదు, గోడ కాలువ స్థలాన్ని ఆక్రమించి కట్టినది.

రెండో మాటకు జవాబు ఇంట్లోనే ఉంది. రిజిస్టరు దస్తావేజు, 1998లో మంజూరైన ప్లాను, ఆస్తి పన్ను రసీదులు చూపి, సర్వేయరు చేత హద్దులు కొలిపించాను. గోడ మా హద్దులోనే ఉంది. అయితే గేటు ముందు కాలువ మీద పరిచిన బండలు కూడా ఆ రోజే పగిలాయి. వాటి ఖరీదు కూడా అడగాలని అన్నయ్య పట్టుబట్టాడు. అవి ఉన్నది మా స్థలంలో కాదు, వాటికి మేము అనుమతి తీసుకోలేదు. అడగనని చెప్పాను. మనది కానిదాన్ని కలిపి అడిగితే మనదైనదాన్ని కూడా శంకిస్తారని నా నమ్మకం.

మొదటి మాట కోసం పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు చట్టం కింద వర్క్ ఆర్డరు, అంచనా, చేసిన పని కొలతలు నమోదు చేసే ఎం.బుక్ నకళ్లను కోరాను. చట్టం చెప్పిన 30 రోజుల గడువు ముగియడానికి రెండు రోజుల ముందు అవి చేతికొచ్చాయి. ప్రైవేటు ఆస్తికి నష్టం కలిగితే గుత్తేదారు సొంత ఖర్చుతో బాగుచేయాలన్న షరతు వర్క్ ఆర్డరులోనే ఉంది; మా ఇంటి ముందు ఏ తేదీన ఎన్ని మీటర్లు తవ్వారో ఎం.బుక్‌లో సహాయ ఇంజినీరు స్వయంగా నమోదు చేశారు. నేను సేకరించిన వాటన్నిటిలో నాకు ఎక్కువ పనికివచ్చింది వాళ్లే రాసుకున్న ఆ పుటే.

ఈ మధ్యలో ఆఫీసులో ఒకరు, జేసీబీ డ్రైవరు మీద ఫిర్యాదు రాసిస్తే అతని కూలీలో కోత పెట్టి ఎంతో కొంత ఇప్పిస్తామన్నారు. రోజు కూలీకి యంత్రం నడిపే మనిషి, తనకు చూపించిన లోతుకు తవ్వాడు. పునాదులు ఎక్కడున్నాయో చూసి గీత గీయవలసిన బాధ్యత అతనిది కాదు. ఆ కాగితం రాయడానికి నేను ఒప్పుకోలేదు. పనివాడు పనిలో చేసిన పొరపాటుకు పని చేయించినవారు బాధ్యులన్నది పాత న్యాయసూత్రమే. ప్రభుత్వానికీ అది వర్తిస్తుందని 1994లో సుప్రీంకోర్టు, అధికారులు జప్తు చేసి పాడుచేసిన ఎరువుల నిల్వకు సంబంధించి ఆంధ్రప్రదేశ్ వ్యాపారి ఎన్. నాగేంద్రరావు వేసిన కేసులో స్పష్టంగా చెప్పింది.

సివిల్ దావా వేయాలంటే ముందుగా నోటీసు ఇచ్చి గడువు ముగిసేదాకా ఆగాలని, చట్టం ప్రకారం చేసిన పని వల్ల కలిగిన నష్టానికి దావా కాలపరిమితి ఒక్క సంవత్సరమేనని న్యాయవాది హెచ్చరించారు. ఆయనే శాశ్వత లోక్ అదాలత్ దారి కూడా చూపించారు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలోని 22ఎ సెక్షన్, పారిశుద్ధ్య వ్యవస్థను ప్రజోపయోగ సేవల్లో చేర్చింది; అలాంటి సేవల వివాదాలను ఈ అదాలత్ వింటుంది. అక్కడ కోర్టు ఫీజు ఉండదు; రాజీ కుదరకపోతే అదాలత్ వివాదాన్ని తానే తేల్చవచ్చు; ఇచ్చిన తీర్పు (దాన్నే అవార్డు అంటారు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం.

డిసెంబరులో దరఖాస్తు వేశాను. కొత్త గోడకు 92,000 రూపాయల అంచనా ఇచ్చాను. అన్నేళ్ల పాత గోడకు పూర్తిగా కొత్త గోడ ఖరీదు ఎలా ఇస్తారని అవతలివారు అడిగారు. అందులో న్యాయముందని మా ఇంజినీరు కూడా అన్నారు. మూడో వాయిదాలో, మార్చిలో, గుత్తేదారు డిపాజిట్ నుంచి 78,000 రూపాయలు చెల్లించేలా రాజీ కుదిరి, ఇరుపక్షాల సంతకాలతో అవార్డు వచ్చింది.

ఏప్రిల్‌లో మేస్త్రీ పునాదిని కాలువ అడుగుకంటే కిందికి దించి, పగలని పాత రాళ్లనే వాడి గోడ పూర్తి చేశాడు. ఈ ఏడాది పూడికతీత మొదలుకాకముందే, గోడల పక్కన ఎంత లోతుకు తవ్వాలో ముందుగా గుర్తు పెట్టించాలని, పని జరిగేటప్పుడు ఇంజినీరు దగ్గర ఉండాలని కోరుతూ మా వీధిలోని పదకొండు ఇళ్లవాళ్లం లేఖ ఇచ్చాం. దానికి కూడా ఇన్వర్డ్ నంబరు తీసుకున్నాం.