గుర్తొస్తే చాలు

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఒక రాత్రి నేను ఉతికిన బట్టలు మడతపెడుతుంటే వచ్చి మంచం చివర కూర్చుని, "అమ్మా, నువ్వు పోయాక నీ గురించి నేనేం చెప్పాలి?" అంది. బడిలో ఇచ్చిన పనట. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని ఎంచుకోవాలి. వాళ్ళు నిండుగా బతికి వెళ్ళిపోయాక నలుగురి ముందు నిలబడి మాట్లాడుతున్నట్టు ఊహించుకుని ఒక పేజీ రాయాలి. నా చిన్నప్పుడు ఇలాంటి మాట ఎత్తితే "అవేం మాటలే" అని పెద్దవాళ్ళు నోరు మూయించేవారు. నాకూ ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ తన ముఖంలో అల్లరి లేదు, భయమూ లేదు. పెన్ను పట్టుకుని జవాబు కోసం చూస్తోంది.

తోచింది చెప్పేశాను. "మీ కోసం అన్నీ వదులుకుని ఇంత దూరం వచ్చిందని చెప్పు."

రాసుకోబోయి ఆగింది. "నువ్వు ఇక్కడికి వచ్చేసరికి నేను పుట్టనే లేదు కదమ్మా?"

మడతపెడుతున్న చొక్కా చేతిలో అలాగే ఉండిపోయింది. నిజమే. నేను వచ్చిన నాలుగేళ్ళకు తను పుట్టింది. నేను వచ్చింది నా కోసం. పై చదువు చదవాలని, నా సంపాదన మీద నేను బతకాలని, కొత్తచోట ఒక్కదాన్నే నెగ్గుకురాగలనో లేదో చూసుకోవాలని వచ్చాను. ఆ వయసులో నాకు చాలా ఆశలుండేవి. ఆ సంగతి ఎప్పుడు మరుగున పడిందో, దాని చోటులో "మీ కోసమే" అన్న మాట ఎప్పుడొచ్చి కూర్చుందో నాకే తెలియదు. దిగులేసిన రోజుల్లో, ఒళ్ళు హూనమైన రోజుల్లో ఆ మాట ఊతకర్రలా పనికొచ్చింది. అనగా అనగా అదే మా ఇంటి చరిత్ర అయిపోయింది. పరాయి దేశాల్లో పిల్లల్ని పెంచుతున్న చాలామంది ఇళ్ళలో ఈ మాట వింటుంటాను. ఎవరూ అబద్ధమాడాలని అనరు. కానీ వినే పిల్ల వైపు నుంచి చూస్తే, తను పుట్టకముందే తన పేరు మీద ఒక అప్పు రాసిపెట్టి ఉంది. ఎంత తీర్చినా చెల్లు రాసేవాళ్ళుండరు. నేను పోయాక కూడా నన్ను తలుచుకున్నప్పుడల్లా తను వడ్డీ కట్టుకోవాల్సిందే అయితే, ఆ తలపు తనకెందుకు?

"అది కొట్టెయ్" అన్నాను. మరేం రాయమంటావని అడిగింది. వారం గడువిమ్మన్నాను.

వారానికొకసారి నేను, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే ఒక చోటికి వెళ్తాను. వాళ్ళ పక్కన కూర్చుని చెప్పేది వినడం, కావాలంటే రాసిపెట్టడం నా పని. కెనడాకు చెందిన మానసిక వైద్యుడు హార్వీ చోచినోవ్ ఇందుకోసం డిగ్నిటీ థెరపీ అని ఒక పద్ధతి తయారుచేశాడు. మీ బతుకులో అన్నిటికన్నా ముఖ్యమనిపించినవి ఏమిటి, మీరు నిజంగా ప్రాణంతో తొణికిసలాడింది ఎప్పుడు, మీవాళ్ళకు మీ గురించి ఏం గుర్తుండాలి, ఇలా కొన్ని ప్రశ్నలు అడుగుతారు. జవాబులు రికార్డు చేసి, కాగితం మీద పెట్టి, సరిచేసి తిరిగి వాళ్ళ చేతికే ఇస్తారు. వాళ్ళు తమవాళ్ళకు ఇచ్చుకుంటారు. 2005లో వెలువడిన అధ్యయనంలో 100 మంది రోగులు ఇలా మాట్లాడితే, 91 శాతం మంది తృప్తిగా ఉందన్నారు. 76 శాతం మందికి తమ మీద తమకు గౌరవం పెరిగినట్టనిపించింది. మేం అంత పద్ధతిగా చేయం, అందులోని ప్రశ్నలు కొన్ని మాత్రం అడుగుతాం.

ప్రాణంతో తొణికిసలాడింది ఎప్పుడు అన్న ప్రశ్నకు త్యాగాల గురించి చెప్పినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. ఒకాయన నలభై ఏళ్ళు దాటాక ఈత నేర్చుకున్న సంగతి చెప్పాడు. ఒకావిడ చెల్లెలితో కలిసి దారి తప్పి రాత్రంతా నవ్వుకుంటూ నడిచిన సంగతి చెప్పింది. చాలాసార్లు పిల్లలు పక్కనే ఉంటారు. "ఇది మాకెప్పుడూ చెప్పలేదే" అంటారు. అలా అన్న ప్రతిసారీ నాకు గుండె కలుక్కుమంటుంది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఈ మాట వినడానికి ఇంతదాకా రావాలా అని.

ఆ వారంలోనే మా అమ్మాయికి "కీర్తిశేషులు" అన్న మాట చెప్పాను. పోయినవాళ్ళ పేరు ముందు రాస్తాం, కీర్తి ఒక్కటే మిగిలినవారని అర్థం అన్నాను. "పేరున్నవాళ్ళకేనా?" అంది. కాదు, అందరికీ అన్నాను. "మరి మామూలువాళ్ళకు మిగిలేదేంటి?" అంది. నాకు జవాబు తట్టలేదు.

జవాబు తన దగ్గరే దొరికింది, అదీ ఒక తప్పులో. రెండు రోజుల తర్వాత కారులో వెళ్తుంటే "ఇందాక నేను అమ్మమ్మను గుర్తొచ్చాను" అంది. "అమ్మమ్మ నాకు గుర్తొచ్చింది అనాలి" అని దిద్దాను. ఎందుకని నిలదీసింది. ఇంగ్లీషులో ఆ పని చేసేది తలుచుకునే మనిషి. "నేను కదా చేసింది, అమ్మమ్మ ఏం చేసింది?" అని దాని వాదన. చెబుతూ చెబుతూ ఉంటే నాకే కొత్తగా అర్థమైంది. తెలుగులో ఆ వాక్యానికి కర్త అమ్మమ్మే. నువ్వు ఉన్నచోటే ఉన్నావు, ఆవిడే కదిలి వచ్చింది. వ్యాకరణం ప్రకారం పోయిన మనిషి ఇంకా నడుస్తోంది! గుర్తుచేసుకోవడం అన్న మాట కూడా మనకుంది. అది పూనుకుని, తేదీ చూసుకుని చేసేది. నాకు దాని మీద పెద్ద ఆశ లేదు. పిల్లలు ఎప్పుడో ఏదో పనిలో ఉండగా, పిలవకుండానే వచ్చి పోవాలని ఉంది.

మరి ఏ భాషలో వస్తాను? ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టిన ప్రశ్న. వియోరికా మరియన్, ఉల్రిక్ నైసర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళకు ఒక్కో మాట ఇచ్చి, దానితో ఏ సంఘటన గుర్తొస్తుందో చెప్పమని అడిగారు. 2000లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రష్యన్‌లో అడిగితే రష్యన్‌లో గడిచిన సంఘటనలు, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులో గడిచినవి ఎక్కువగా పైకి వచ్చాయి. ఇది చదివి నేను నా ఇంటి తెలుగును లెక్కచూసుకున్నాను. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. వాడితో నేను మాట్లాడే తెలుగు ఇదీ: లే. త్వరగా. ఆపు. చదువు. పడుకో. ఎన్నిసార్లు చెప్పాలి? అన్నీ ఆజ్ఞలే. వాడు పడి ఏడిస్తే ఊరడించింది ఇంగ్లీషులో. ఇద్దరం పడీపడీ నవ్వింది ఇంగ్లీషులో. త్వరగా అర్థమవుతుందని, వాడికి సులువని అలా మాట్లాడాను. ముప్పై ఏళ్ళ తర్వాత ఎక్కడో ఒక తెలుగు మాట వాడి చెవిన పడితే ఏ అమ్మ లేచి వస్తుంది? వేలు చూపిస్తూ గదమాయించే అమ్మ.

వలస వెళ్ళిన కుటుంబాల్లో పెద్దవాళ్ళ భాష సాధారణంగా మూడో తరానికి చేరదని భాషను, సమాజాన్ని కలిపి చదివినవాళ్ళు ఎంతోకాలంగా చెబుతున్నారు. ఆ భయంతోనే నేను కాపీ పుస్తకాలు పెట్టి, గుణింతాలు దిద్దించాను. దిద్దించడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ భయంలో పడి మేం తెలుగులో నవ్వుకోవడం మానేశాం. ఇప్పుడు రాత్రి దీపం ఆర్పాక వాడి పక్కన పడుకుని ఆ రోజు నాకేం జరిగిందో తెలుగులో చెబుతున్నాను. ఎక్కడ తడబడ్డానో, ఎవరి మాటకు మనసు చివుక్కుమందో. వాడు ఇంగ్లీషులోనే అడుగుతాడు. నేను దిద్దను.

మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. చివరి చూపు ఫోన్‌లోనే దక్కింది. అందరూ ఆవిడ ఓర్పు గురించే చెప్పారు. ఓర్పుమంతురాలే, కాదనను. కానీ నాకు గుర్తొచ్చేటప్పుడు ఆవిడ ఓర్పుగా రాదు. ఒక వేలుగా వస్తుంది. చదువుకుంటున్నప్పుడు నేను వెళ్ళి "అమ్మా" అంటే, పుస్తకం మూసి, చదువుతున్న పేజీలో చూపుడువేలు ఉంచి తల ఎత్తేది. నేను చెప్పడం పూర్తయ్యేదాకా ఆ వేలు అందులోనే ఉండేది. ఒక్కసారి కూడా పుస్తకం వైపు చూసేది కాదు. అది నాకు గుర్తుండాలని ఆవిడ చేసి ఉండదు. నా పిల్లలు నన్ను పిలిచినప్పుడు నా వేలు ఎక్కడుంటుందో నాకు తెలుసు. ఫోన్ తెర మీద. ఈ మధ్య దాన్ని బోర్లా పెట్టి తల ఎత్తుతున్నాను. ఇంకా అలవాటు కాలేదు.

గడువు ముగిసే రోజు మా అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి నేను వాక్యాలు చెప్పలేదు, జరిగింది చెప్పాను. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలను అడగడానికి 20 ప్రశ్నలు తయారుచేశారు. మీ అమ్మా నాన్నా ఎలా కలిశారో తెలుసా, మీ అమ్మ ఎక్కడ పెరిగిందో తెలుసా, మీ ఇంట్లోవాళ్ళకు వచ్చిన పెద్ద కష్టం గురించి తెలుసా, ఇలాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లలకు తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించింది. అయితే జవాబులు బట్టీ పట్టిస్తే వచ్చేది కాదని, కలిసి కూర్చుని చెప్పుకునే అలవాటులోనే బలముందని డ్యూక్ అంటాడు. ఎదగడం ఒక్కటే కాకుండా, పడడం, లేవడం రెండూ ఉన్న కథ పిల్లలకు ఎక్కువ ఆసరా ఇస్తుందని కూడా. అందుకని పడిన సంగతులే ముందు చెప్పాను. పరీక్ష తప్పి ఏడాది పోగొట్టుకున్నాను. మొదటి ఏడాదిలోనే వెనక్కి వెళ్ళిపోదామని పెట్టె సర్దుకున్నాను. తెల్లారాక మళ్ళీ అన్నీ తీసి అలమరలో పెట్టుకున్నాను. ఎందుకు ఆగిపోయావని అడిగింది. "ఉండాలనిపించింది" అన్నాను. ఇంతకాలం ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.

నాలుగు రోజుల తర్వాత ఆ పేజీ నా చేతిలో పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. అంతా ఇంగ్లీషులో రాసింది. అందులో త్యాగం లేదు. సర్ది విప్పిన పెట్టె ఉంది. మధ్యలో ఈ మాటలున్నాయి: "మా అమ్మ రోజంతా ఇంగ్లీషులో పనిచేసి వస్తుంది. కానీ దేన్నైనా లెక్కపెట్టేటప్పుడు ఆమె పెదవులు తెలుగులో కదులుతాయి. మెట్లెక్కేటప్పుడు కూడా."

నేనలా చేస్తానని నాకు తెలియదు.

మర్నాడు బట్టల బుట్ట పట్టుకుని మేడ మెట్లెక్కుతూ నన్ను నేనే పట్టుకున్నాను, పదకొండు దగ్గర. ఆగిపోయాను. వెనకే వస్తున్న మా అబ్బాయి నా నడుము మీద చెయ్యి వేసి ముందుకు తోస్తూ, "పన్నెండు" అన్నాడు.