నాలుగో నకలులో కనిపించిన తెలుపు

నిన్న రాత్రి నా నాలుగో నకలు పూర్తయింది. ఆరు నెలలుగా ఒకే చిత్రాన్ని పట్టుకొని కూర్చున్నాను కనుక, రంగు తడి ఆరకముందే జరిగినదంతా రాసిపెట్టాలనిపించింది.

నేను ఎంచుకున్నది చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1885, 1886 సంవత్సరాల్లో వేసిన ‘కార్నేషన్, లిలీ, లిలీ, రోజ్’. సంధ్యవేళ పూలతోటలో తెల్లగౌన్లు తొడుక్కున్న ఇద్దరు ఆడపిల్లలు కాగితపు లాంతర్లు వెలిగిస్తూ ఉంటారు. ఆ వెలుగు రోజుకు కొద్ది నిమిషాలే నిలుస్తుంది కనుక, సార్జెంట్ ప్రతి సాయంత్రం ఆ కాసేపే ఆరుబయట కుంచె పట్టి, మిగిలిన పనిని మరునాటి సాయంత్రానికి వాయిదా వేసుకుంటూ వచ్చాడు. వెలుగు గురించి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదని నా గట్టి నమ్మకం.

గళ్ళు గీసుకొని బొమ్మను కాన్వాసు మీదికి ఎక్కించడం ఒక పూట పని. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగును పలుచగా కలిపి వెలుగునీడలు పరచడం మరో పూట పని.

రంగు దగ్గరే నా పరువు పోయింది. గౌను తెల్లనిదే కదా అని టైటానియం వైట్ ధారాళంగా వాడి, నీడ ఉన్నచోట దానిలోనే కొంచెం నలుపు కలిపి నింపేశాను. నేను చిత్రకళ నేర్చుకునే తరగతిలో నెలకోసారి అందరి పటాలనూ గోడకు ఆనించి పరిశీలిస్తారు. మాస్టారు నా పటం ముందు ఆగి, “ఇది సంధ్యవేళ గౌనా, సున్నం కొట్టిన గోడా?” అన్నారు. అంతటితో వదిలిపెట్టలేదు. బఠానీ గింజంత రంధ్రం చేసిన బూడిదరంగు అట్టను మూలచిత్రం ప్రింటుపై, సరిగ్గా గౌను మడత మీద ఆనించి, “ఇందులో ఏ రంగు కనిపిస్తోందో చెప్పు” అని అందరి ముందూ అడిగారు. ఆ రంధ్రంలో ఉన్నది నీలం, ఊదా కలిసిన బూడిదరంగు. వానమబ్బు అడుగున కనిపించే రంగు. అయినా అట్ట కింద ఉన్నది గౌనని నాకు తెలుసు కనుక, నా నోటికి “తెలుపు” అనే మాటే వచ్చింది. ఆయన మారు మాట్లాడకుండా ఒక తెల్లకాగితం తెచ్చి రంధ్రం పక్కన పెట్టారు. తరగతి గొల్లుమంది. ఇది ఎందుకిలా ఉంటుందని అడిగితే, “కన్ను ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు, లేనివాళ్ళకు చెప్పి లాభం లేదు” అని తరువాతి పటం దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు. చూపు పుట్టుకతోనే రావాలనే గురువు తాను చేయవలసిన పనిని విద్యార్థి జాతకం మీదికి నెట్టేస్తున్నాడు. ఎందుకన్న నా ప్రశ్నకు ఆయన పుట్టుకకు ఎంతో ముందే జవాబు దొరికింది. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకపు విభాగాన్ని నడిపిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్లదారాలు వెలవెలబోతున్నాయని ఫిర్యాదులు అందేవి. పరీక్షించి చూస్తే లోపం అద్దకంలో లేదు, నలుపు పక్కన నేసిన రంగుల్లో ఉంది. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని ఆయన 1839లో గ్రంథంగా వెలువరించాడు. సార్జెంట్ తోటలో గౌను చుట్టూ ముదురాకుపచ్చ చీకటి కమ్ముకొని ఉంటుంది కనుకనే, మబ్బురంగు మన కంటికి తెల్లగా తోస్తుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి మాస్టారికి రెండు నిమిషాలు పట్టేది.

నేనూ అలాంటి అట్టనే కత్తిరించుకొని, ప్రింటు మీద నలభై చోట్ల ఆనించి చూశాను. పాలెట్ నైఫ్ కొసన కలిపిన రంగును రంధ్రం అంచుకు చేర్చి, రెండూ ఒకటిగా కలిసిపోయేవరకు సరిచేస్తూ, కుదిరిన ప్రతి రంగునూ ఒక కాగితం మీద చుక్కగా పెట్టుకున్నాను. గౌన్లలో అచ్చమైన తెలుపు నాకు ఒక్కచోట కూడా దొరకలేదు. లాంతరు వెలుగు సోకినచోట అది నారింజ కలిసిన పసుపు, దూరంగా జరిగేకొద్దీ చల్లని ఊదా. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. నా దగ్గరున్న రెండు ప్రింట్లలో ఒకదాని నీడలు ఆకుపచ్చకు తిరిగి ఉన్నాయి. అందుచేత ఒక్కో రంగును విడిగా నమ్మకుండా, పక్కదానికంటే వెచ్చగా ఉందా చల్లగా ఉందా, ముదురా లేతా అన్నదే చూసుకోవాలి. ఇప్పుడు ఎలాంటి నీడరంగునైనా మూడో ప్రయత్నంలోపే కలపగలను. మా తరగతిలో ఈ మాట అనగలిగినవారు మరొకరు లేరు.

కుంచె సంగతి అంత బాధపెట్టలేదు. రెండో నకలులో సన్నకుంచెతో ప్రతి మడతనూ నిమిరి నిమిరి గౌనును మైనపుముద్ద చేశాను. సార్జెంట్ 1879లో మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ చిత్రాలకు నకళ్ళు తీశాడని చదివి, నేనూ ఆ మూలానికే వెళ్ళాను. వెలాస్కెజ్ 1656లో వేసిన ‘లాస్ మెనినాస్’లో చిన్న రాకుమారి గౌను మీది అలంకరణను పెద్దదిగా చేసి చూస్తే, అక్కడ ఉన్నవి తెగిపోయిన కుంచె విదిలింపులే. నాలుగడుగులు వెనక్కి జరిగితే అవే లేసుగా, పట్టుగా కూడుకుంటాయి. ఆనాటి నుంచి నేను బల్లపరుపు కుంచె వాడుతున్నాను. ఒకసారి పెట్టిన రంగును మళ్ళీ ముట్టుకోవడం మానేశాను.

నిన్న రాత్రి నాలుగో నకలు పక్కన తెల్లకాగితం పెట్టి చూశాను. గౌను ఒక్కసారిగా వానమబ్బులా మసకబారింది. కాగితం తీసేసి గది చివరకు నడిచి వెనక్కి తిరిగేసరికి, అది మళ్ళీ తెల్లగా ఉంది.