బొమ్మ బాగుంది, పేరు ఎక్కడ పెడతావ్?

మూడో సెమిస్టర్‌లో మాకిచ్చిన పని ఒక పత్రికకు ముఖచిత్రం చెయ్యడం. పత్రిక మేం ఊహించుకున్నదే, పేరూ మాదే. ఫొటో వాడకూడదు, బొమ్మే వెయ్యాలి. గడువు మూడు వారాలు. నేను ‘నిద్ర పట్టకపోవడం’ అనే అంశం తీసుకున్నాను. అప్పట్లో నాకు బాగా అనుభవం ఉన్న సబ్జెక్టు అదొక్కటే.

కాగితం మీద ఒక్క గీత కూడా గియ్యకుండా నేరుగా టాబ్లెట్ ముందు కూర్చున్నాను. మంచం మీద ఒక అమ్మాయి, చేతిలో ఫోను, ముఖం మీద దాని నీలం వెలుగు. చుట్టూ అలలు, మంచం పడవలా తేలుతోంది. దుప్పటి మడతలకే ఒక రాత్రంతా పట్టింది. ఒక్కో మడత నీడకు మూడేసి రంగులు వేశాను.

మేడమ్ చూశారు. "బొమ్మ బాగుంది. పేరు ఎక్కడ పెడతావ్?" అన్నారు.

పైన అని చూపించబోయి ఆగిపోయాను. అక్కడ అమ్మాయి తల ఉంది. పేరు కొంత తల వెనక్కి వెళ్తే పర్లేదు, చాలా పత్రికలు అలా చేస్తాయి. కానీ అది జనానికి ఏళ్ల తరబడి తెలిసిన పేరైతేనే. మొదటి సంచికకే సగం పేరు దాచేస్తే ఎవరు చదువుతారు? పోనీ శీర్షికలు కింద పెడదామంటే అక్కడ అలలు. నురగ మీద తెల్ల అక్షరం కనపడదు, నీళ్ల మీద నల్ల అక్షరం కనపడదు. బార్‌కోడ్ సంగతి నాకు అసలు గుర్తే లేదు.

ఆ రోజు సాయంత్రం పెన్సిల్‌తో అగ్గిపెట్టెంత గళ్లు ఇరవై గీశాను. ప్రతి గడిలో ముందు పేరుకు ఒక పట్టీ, బార్‌కోడ్‌కు ఒక డబ్బా, ఆ తర్వాతే బొమ్మ. పద్నాలుగో గడిలో మంచాన్ని పైనుంచి చూసినట్టు వేశాను. అమ్మాయి కుడివైపు కింద మూలకు, చిన్నగా వెళ్లిపోయింది. మిగతాదంతా చీకటి నీళ్లు. అక్షరాలకు చోటు దొరకడమే కాదు, ఆ పిల్ల ఒంటరితనం కూడా అప్పుడే కనిపించింది. దుప్పటి మడతలు మాత్రం పోయాయి.

పేరు టైప్ చేస్తే ఇంకో గొడవ. నా పత్రిక పేరులో ‘త్ర’ ఉంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఒత్తు విడిపోయి పక్కన కూర్చుంది. ఫాంటే పాడైందనుకుని నాలుగు ఫాంట్లు మార్చాను. తీరా చూస్తే పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో, తెలుగు లాంటి లిపుల ఒత్తుల్ని సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలట. ఒత్తు కుదిరాక అది కిందికి దిగి బొమ్మలోకి వచ్చింది. మొదట చిరాకేసింది. తర్వాత ఆ ఒత్తు తోక దగ్గరే నీటి మీద ఒక వలయం గీశాను, అక్షరం నీళ్లను తాకినట్టు. ముఖచిత్రం మొత్తంలో నాకు ఇప్పటికీ నచ్చేది ఆ ఒక్క వలయమే.

అసలు టెన్షన్ ప్రింటు దగ్గర మొదలైంది. స్క్రీన్ మీద మెరిసిపోయిన ఫోను నీలం, సీఎంవైకేలోకి, అంటే ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల రంగుల్లోకి మార్చగానే చప్పబడింది. స్క్రీన్ వెలుగును పంపుతుంది, సిరాకు ఆ వెలుగు లేదు మరి. సయాన్ (లేత నీలం సిరా), మెజెంటా (ముదురు గులాబీ సిరా) రెండూ పెంచుకుంటూ పోతే నీలం కాస్తా ఊదా అయింది. ఒక సీనియర్ చూసి, "నీలాన్ని వదిలెయ్, చుట్టుపక్కల తగ్గించు" అన్నాడు. మెజెంటా తగ్గించి, నీళ్లను దాదాపు నలుపుకు తెచ్చాను. అదే నీలం కాగితం మీద వెలిగినట్టు కనిపించింది.

ఆ నలుపు కూడా ఊరికే రాలేదు. నల్ల సిరా ఒక్కటే వేస్తే పెద్ద జాగాలో బూడిద రంగులా తేలింది. అలాగని నాలుగు సిరాలూ నిండుగా పోస్తే 400 శాతం, కాగితం ఆరదు. సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 దగ్గర ఆగాను. అయితే నాలుగు సిరాల మధ్య సన్నటి తెల్ల అక్షరాలు పూడుకుపోతాయి. ఒక్కో సిరాను అచ్చువేసే ప్లేట్లు వెంట్రుకంత జరిగినా చాలు. అందుకే చిన్న శీర్షికలన్నీ లావు చేశాను.

ఇంత చేసి, మొదటి ప్రింటు కత్తిరించాక ఎడమ అంచున తెల్లటి దారంలాంటి గీత! ఫైలు సరిగ్గా ఎ4 కొలతలో, 210 × 297 మిల్లీమీటర్లలో చేశాను. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు, వదిలి 216 × 303 చెయ్యాల్సింది. నీళ్లే కాబట్టి పొడిగించడం తేలికైంది. మొదటి బొమ్మే ఉండుంటే మంచం కోళ్లు మళ్లీ గియ్యాల్సి వచ్చేది.

ఫైల్లో ఆ దుప్పటి గీసిన పొరని, అదే లేయర్‌ని మాత్రం డిలీట్ చెయ్యడానికి మనసొప్పలేదు. లేయర్ కనపడాలా వద్దా అని చెప్పే కన్ను గుర్తు పక్కనే ఉంటుంది, దాన్ని నొక్కి మూసేశాను. ఆ ఫైల్లో కన్ను మూసింది అదొక్కటే.