ఎయిర్ బ్రేక్స్ పరీక్షకు రెండోసారి చదివిన తీరు

అమెరికాలో ట్రెయిలర్ తగిలించిన భారీ ట్రక్కు నడపాలంటే క్లాస్ ఏ కమర్షియల్ డ్రైవర్ లైసెన్స్, అంటే సీడీఎల్, ఉండాలి. దానికి ముందు లెర్నర్ పర్మిట్ కోసం నేను మూడు రాతపరీక్షలు రాశాను: జనరల్ నాలెడ్జ్‌లో 50 ప్రశ్నలు, గాలి పీడనంతో పనిచేసే బ్రేకుల గురించిన ఎయిర్ బ్రేక్స్‌లో 25, ట్రెయిలర్ తగిలించిన బండ్ల గురించిన కాంబినేషన్ వెహికల్స్‌లో 20. దేనికదిగా 80 శాతం రావాలి. ఒకదానిలో ఎక్కువ వచ్చిన మార్కులు ఇంకొకదానిలో లోటును పూడ్చవు. మొదటి రోజు రెండింటిలో గట్టెక్కాను కానీ, ఎయిర్ బ్రేక్స్‌లో 20 రావలసిన చోట 18 దగ్గరే ఆగిపోయాను.

పొరపాటు నా చదువులోనే ఉంది. నెల రోజులపాటు ఫోన్‌లో ప్రాక్టీస్ ప్రశ్నలు చేసి, ఏ ప్రశ్నకు ఏ జవాబో కంఠతా పట్టాను. పరీక్షలో అదే సంగతిని మాట మార్చి అడిగేసరికి తడబడ్డాను. రాష్ట్రం ఉచితంగా ఇచ్చే సీడీఎల్ మాన్యువల్‌లో ఎయిర్ బ్రేక్స్ అధ్యాయాన్ని నేను మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారైనా చదవలేదు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. ఆయన విజయవాడ, హైదరాబాద్ మధ్య ఏళ్ల తరబడి లారీ నడిపిన మనిషి. నేను చెప్పిందంతా విని, "పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, గాలి ఎక్కేదాకా ఎందుకు కూర్చునేవాళ్లం అనుకున్నావురా? గాలి లేకపోతే హ్యాండ్‌బ్రేకు వదలదు" అన్నారు. చిన్నప్పుడు ఆ లారీలో క్లీనర్ పక్కన కూర్చుని, మీటరులో ముల్లు మెల్లగా పైకి లేవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ ముల్లు దేన్ని చూపిస్తోందో మాత్రం ఈ ఫోన్ కాల్ రాత్రే తెలిసింది.

కాలితో తొక్కే బ్రేకును పట్టించేది గాలి. పార్కింగ్ బ్రేకును, అంటే నాన్న చెప్పిన హ్యాండ్‌బ్రేకును, పట్టించేది బలమైన స్ప్రింగ్. ఆ స్ప్రింగ్‌ను వెనక్కి నొక్కి ఉంచేది మళ్లీ గాలే. కాబట్టి గాలి పోతే బండి బ్రేకు లేకుండా దొర్లిపోదు, స్ప్రింగ్ విచ్చుకుని చక్రాలను పట్టేస్తుంది. పీడనం 20 నుంచి 45 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్యకు పడిపోయేసరికి స్ప్రింగ్ బ్రేకులు పూర్తిగా పడతాయన్న వాక్యాన్ని ఇక బట్టీ పట్టవలసిన పని లేకపోయింది. పార్కింగ్ బ్రేకు వేసి ఉండగా కాలిబ్రేకు ఎందుకు తొక్కకూడదో కూడా దీనితోనే తేలింది: స్ప్రింగ్ బలం, గాలి బలం రెండూ ఒకేసారి పడితే బ్రేకు భాగాలు దెబ్బతినవచ్చు. గాలిని నిల్వ ఉంచే ట్యాంకుల అడుగున నీరు, వాటిలోకి గాలిని నింపే కంప్రెసర్ నుంచి వచ్చే నూనె చేరతాయి, ఆ నీరు చలికి గడ్డకడితే బ్రేకులు పనిచేయకపోవచ్చు కాబట్టి రోజూ పని ముగిశాక ఖాళీ చేయాలన్నది అంతకు ముందు నాకు ఒక నిబంధన మాత్రమే.

అక్కడి నుంచి నా చదువు మారింది. ఒక్కో పేరా ఇంగ్లీషులో చదివి, పుస్తకం మూసి, అదే సంగతిని పైకి తెలుగులో చెప్పుకొనేవాణ్ణి. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవాలి. పరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి కాబట్టి పదాలను మాత్రం మార్చలేదు: కంప్రెసర్ ట్యాంకుల్లోకి గాలిని ఎప్పుడు నింపాలో నియంత్రించే గవర్నర్ గవర్నరే, బ్రేకుల బిగువును సరిచేసే స్లాక్ అడ్జస్టర్ స్లాక్ అడ్జస్టరే. అంకెలకూ నాకు తెలిసిన కొలత వెతుక్కున్నాను. గంటకు 55 మైళ్ల వేగంతో వెళ్తున్నప్పుడు ప్రమాదాన్ని గమనించేలోగా 142 అడుగులు, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోగా 61 అడుగులు, బ్రేకు పడ్డాక 216 అడుగులు, మొత్తం 419 అడుగులు గడిచిపోతాయి. గాలి గొట్టాల వెంట చక్రం దాకా చేరడానికి పట్టే అర సెకను వల్ల ఇంకో 32 అడుగులు కలుస్తాయి. అంటే రోడ్డు పొడిగా, బ్రేకులు బాగున్నప్పుడు కూడా బండి నిలవడానికి దాదాపు ఏడు క్రికెట్ పిచ్‌ల దూరం కావాలి. ఆ పోలిక తట్టిన తర్వాత, ముందు బండికి దూరం పాటించాలన్న పాఠాన్ని నేను మార్కుల కోసం చదవడం మానేశాను.

ప్రాక్టీస్ ప్రశ్నలు పనికిరావని నేను అనను. చదివింది ఎంత నిలిచిందో చూసుకోవడానికి చివరి రెండు రోజుల్లో అవి బాగా ఉపయోగపడతాయి. చదువుకు బదులుగా వాటిని పెట్టుకోవడమే నేను చేసిన తప్పు.

వారం తర్వాత రాస్తే 25కు 23 వచ్చాయి. వాలు రోడ్డు గురించి అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. సురక్షిత వేగం గంటకు 40 మైళ్లయితే, 40కి చేరగానే వేగం తగ్గుతోందని స్పష్టంగా తెలిసేంత గట్టిగా బ్రేకు తొక్కి, 35కు తగ్గించి వదలాలి. వేగం మళ్లీ 40కి చేరినప్పుడు అదే చేయాలి. మొదటిసారి, దిగువ దాకా బ్రేకును మెత్తగా తొక్కి ఉంచాలని రాశాను. అలా చేస్తే చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచించి, వాటిని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనింగులకు దూరమవుతాయి, అప్పుడు ఎంత తొక్కినా పట్టు తగ్గుతూనే ఉంటుంది.

పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు గడిస్తేనే డ్రైవింగ్ పరీక్షకు అనుమతిస్తారు. ఈలోగా నమోదైన శిక్షణ సంస్థలో థియరీ పాఠాలు, బండి మీద శిక్షణ పూర్తి చేయాలి. ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్‌కు, అంటే లైసెన్స్‌కు అదనంగా చేర్చే అనుమతికి, వేలిముద్రలు, భద్రతా తనిఖీ కూడా ఉంటాయి కాబట్టి దాన్ని తర్వాతకు వదిలేశాను. ప్రస్తుతం రోజూ సాయంత్రం, బయలుదేరే ముందు బండిని చూసుకునే ప్రీ-ట్రిప్ తనిఖీలో ఒక్కో భాగాన్ని చేత్తో చూపిస్తూ పేరు చెప్పడం సాధన చేస్తున్నాను. ఆదివారాల్లో వీడియో కాల్‌లో నాన్న ఆ జాబితా అంతా వింటున్నారు.